రెండు గుక్కల మనిషి

ఆయన సంతాప సభలో మా తెలుగు సంఘం అధ్యక్షులవారు ముఖ్యంగా రెండు మాటలు అన్నారు. ఆయన సౌమ్యుడన్నారు. తాగుడు ఒక్కటే ఆయన బలహీనత అన్నారు. హాల్లో ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఆ రెండు మాటలూ అబద్ధాలే. ఆయన సౌమ్యుడు కాడు, తాగుబోతూ కాడు. మొదటి సంగతి ఆయనతో ఒక్క శనివారం మధ్యాహ్నం గడిపిన ఎవరైనా చెప్పగలరు. రెండోది చెప్పవలసినవాళ్ళం వెల్లింగ్టన్‌లో ఇద్దరమే, నేనూ సుధాకరూ. చెప్పవలసిన రోజున ఇద్దరం నోరు మూసుకున్నాం.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన్ని దేవుణ్ణి చేసే ఉద్దేశం లేదు. చేస్తే ముందు ఆయనే ఒప్పుకోడు. "పొగడ్త ఎవడికి గావాల? తప్పు చెప్పు ముందు" అంటాడు. కాబట్టి తప్పులతోనే మొదలుపెడతాను. అవి చాలా ఉన్నాయి.

రెండువేల సంవత్సరం తర్వాత తొలి రోజులవి. ముగ్గురం ఒకే ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళం. నేనూ, రాజమండ్రి నుంచి వచ్చిన సుధాకరూ ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆయన వాటిలో తప్పులు పట్టేవాడు. ఉద్యోగమే అది. మాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. కడప జిల్లా మనిషి. 'అంకుల్' అంటే మండిపడేవాడు కాబట్టి 'అన్నా' అని పిలిచేవాళ్ళం. వారమంతా మా పనిలో తప్పులు పట్టి అలసిపోయేవాడు అనుకుంటే పొరపాటు. శనివారం మధ్యాహ్నం తన ఇంటి గరాజులో కూర్చుని, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన ఏల్ సీసాల్లో తప్పులు పట్టేవాడు.

ఏల్ అంటే తెలియనివారికి ఒక మాట. బీరు జాతిదే, కానీ రంగు ముదురు, చేదు లోతుగా ఉంటుంది, గొంతు కొరికేంత చల్లగా తాగకూడదు. దీన్ని ఇంత తేలిగ్గా చెప్పేశానని తెలిస్తే ఆయన నన్ను కూర్చోబెట్టి గంటసేపు వాయించేవాడు. ఇంగ్లండులో కొన్నాళ్ళు పనిచేసినప్పుడు అద్దెకున్న ఇంటి ముసలాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నానని ఒకసారి అన్నాడు. ఆ ముసలాయన ఈయన్ని ఎలా భరించాడో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదటిసారి వెళ్ళిన రోజు నేను స్నానం చేసి, ముఖానికి ఇంత పౌడరు అద్దుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని వెళ్ళాను. పెద్దవాళ్ళింటికి వెళుతున్నాం కదా. గరాజు గుమ్మంలోనే ఆపాడు.

"ఏమబ్బీ, పెండ్లి చూపులకు వచ్చినావా?"

"లేదన్నా, మీరే రమ్మన్నారుగా."

"ముక్కు కింద పౌడరు పెట్టుకోని వాసన యాడ చూస్తావు? పో, కడుక్కోని రా."

బాత్రూము ఎటని అడిగితే పూలమొక్కల దగ్గరున్న రబ్బరు గొట్టం చూపించాడు. అది జులై నెల, న్యూజిలాండ్‌లో నడి చలికాలం. వెల్లింగ్టన్‌లో జులై గాలి ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. ముఖం కడుక్కుని, పళ్ళు టకటకలాడుతూ లోపలికి వస్తే, "ఇంగ కూర్చో" అన్నాడు, ఏమీ జరగనట్టు. తువ్వాలు ఇచ్చింది వదిన. ఆవిడ ఇలాంటి తువ్వాళ్ళు చాలామందికి ఇచ్చినట్టుంది, తలుపు పక్కనే సిద్ధంగా పెట్టుకుంది.

గరాజులో కారు ఉండేది కాదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడవారన చెక్క అరల్లో వరసగా సీసాలు, ఒక స్టీలు గిన్నె నిండా బొరుగులు. బొరుగులంటే మరమరాలు. ఒక సీసాకీ మరో సీసాకీ మధ్య నాలుక శుభ్రం కావడానికి అవి నమలాలి. అందులో ఉప్పు ఉండకూడదు, ఉల్లిపాయ ఉండకూడదు, కారం సంగతి ఎత్తకూడదు. వదిన ఒకసారి జాలిపడి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చింది. సుధాకర్ చెయ్యి సగం దూరం వెళ్ళింది.

"దాన్ని తాకితే నీ నాలుక రెండు గంటలు పనికిరాదు" అన్నాడాయన.

"నా నాలుకేగా అన్నా, నేను చూసుకుంటానండీ బాబూ."

"ఈడ కూర్చున్నంతసేపు అది నీది కాదు."

బజ్జీలు వెనక్కి వెళ్ళాయి. చేజారిన ఆ అవకాశాన్ని సుధాకర్ ఏళ్ళ తరబడి తలుచుకుని బాధపడ్డాడు. "ఏల్ ఎలా ఉందో గుర్తులేదు గానీ, ఆ బజ్జీల వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉందండీ" అంటాడు.

అన్నిటికంటే నవ్వూ విసుగూ కలిసి వచ్చే విషయం ఆయన తాగే పద్ధతి. గ్లాసుకి పెదవి తగలనిచ్చేవాడు కాదు. ఎంగిలి. చిన్నప్పటి నుంచి చెంబు ఎత్తి నోట్లో పోసుకున్న అలవాటు. స్టీలు గ్లాసులో ఏల్ పోసి, ముందు ముక్కు తుడుచుకుని, ఎడమ కన్ను మూసి వాసన చూసి, మరో చెయ్యి ట్రాఫిక్ పోలీసులా పైకెత్తి మమ్మల్ని నోరు మూసుకోమని, తల వెనక్కి వంచి జానెడు ఎత్తు నుంచి ధారగా పోసుకునేవాడు. అంత ఎత్తు నుంచి పడితే ఏల్ గొంతులో నురగ కడుతుంది. నురగ కడితే దగ్గు వస్తుంది. దగ్గు తగ్గాక మళ్ళీ రెండో గుక్క. రెండే. మూడో గుక్క పోసుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత చాలాసేపు ఫంక్షన్ హాలు బయట చెప్పు పోగొట్టుకున్నవాడి ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. వెతుకుతున్నాడన్నమాట, తప్పుని.

సీసాలో మిగిలింది నాకూ సుధాకర్‌కీ. ఇది గుర్తుపెట్టుకోండి. బయట ఎవరికీ తెలియనిది ఇదే.

రుచి గురించి మాట్లాడాలంటే ఆయన దగ్గర రెండు చట్టాలు. మొదటిది, చిన్నవాడు ముందు చెప్పాలి. పెద్దవాడు ముందు చెబితే చిన్నవాళ్ళు తలలూపుతారు, అసలు రుచి ఎవరికీ తెలియదు అనేవాడు. పెద్దల ముందు నోరు విప్పకూడదని మమ్మల్ని పెంచారు. ఈయన విప్పేదాకా కదిలేవాడు కాదు. నిమిషాల తరబడి మా ముఖాల్లోకి చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు భరించలేక ఏదో ఒకటి అనేసేవాళ్ళం. రెండో చట్టం, తిన్నదే చెప్పాలి. సుధాకర్ ఇంటర్నెట్‌లో చదువుకొచ్చి, "ఇందులో క్యారమెల్, కొంచెం సిట్రస్ ఉన్నాయన్నా" అన్నాడొకసారి.

"క్యారమెల్ చిన్నప్పుడు మీ యింట్లో తిన్నావా?"

"లేదన్నా."

"మరి నీ నాలుక్కు ఎట్ల తెలుస్తాది? మీ అమ్మ ఏం పెట్టిందో అది చెప్పు."

సుధాకర్ మళ్ళీ తాగాడు. కాసేపు ఆలోచించాడు. "పాకం ముదిరిపోయిన అరిసె" అన్నాడు.

"ఆ. అట్ల రా దారికి."

అలా మేం ముగ్గురం ఇంగ్లీషువాళ్ళ ఏల్ సీసాలకి మా ఇళ్ళ పేర్లు పెట్టాం. ఒకటి మాడిన జొన్నరొట్టె అంచు. ఒకటి పులిసిన దోసెపిండి. ఒకటి వేరుశనగ గానుగ పక్కన నిలబడ్డ వాసన. ఓడలో నెలల తరబడి ఎండ తిని వచ్చినవాటికి ఒకే పేరు, తడిసిన అట్టపెట్టె. ఆయన లెక్కలో వచ్చినవాటిలో సగం తడిసిన అట్టపెట్టెలే. బాగుందనే మాట ఆయన నోట రాదు. అన్నిటికంటే పెద్ద మెచ్చుకోలు "తప్పు దొరకలేదు" అనడం. అది అన్నాక కూడా సోమవారం ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళు వింటుండగా, "ఆ గొర్రెతల సీసాకు శనివారం చెప్పింది వాపసు తీసుకుంటున్నా, వెనకాల కొంచెం వగరు ఉండాది" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. గొర్రెతల అంటే సీసా మీది బొమ్మ. మా టీములోని కివీ అమ్మాయి ఈయన ఏం చెప్పాడని అడిగితే నేను సిస్టమ్‌లో ఏదో సమస్య అని చెప్పేవాణ్ణి.

ఆయన నాలుక గొప్పదని మీరనుకుంటారేమో. అదీ లేదు. ఒకసారి సుధాకర్ ఒకే సీసాని రెండు గ్లాసుల్లో పోసి, వేరువేరని చెప్పి ఇచ్చాడు. మొదటిది తడిసిన అట్టపెట్టె అన్నాడు. రెండోదానికి చాలాసేపు కన్ను మూసి, తప్పు దొరకలేదన్నాడు. సుధాకర్ పొట్ట పట్టుకుని నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఆయన ముఖంలో ఒక్క గీత మారలేదు.

"రెండూ కరెక్టే" అన్నాడు.

"అదెలాగన్నా? ఒకే సీసా కదా!"

"మొదటి గ్లాసు నువ్వు సరిగ్గా కడగలేదు."

గ్లాసులు కడిగింది ఆయనే. ఆ మాట అన్నా లాభం లేదు. ఇలాంటి మనిషిని సౌమ్యుడంటే వినేవాళ్ళకి ఎలా ఉన్నా, చనిపోయినవాడికి అవమానం కాదా?

ఇక అసలు గొడవకి కారణమైన సంగతి. కొన్ని ఏల్ సీసాల అడుగున సన్నటి మడ్డి ఉంటుంది. సీసాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది కాబట్టి అలా పేరుకుంటుంది. కదపకుండా తేట వంచుకుని, మడ్డిని సీసాలోనే వదిలేయాలి. మేం ఎలా పెరిగాం? టానిక్కు సీసా, దగ్గుమందు సీసా, అడుగున ఏమైనా కనిపిస్తే గట్టిగా ఊపి తాగమని పెరిగాం. సుధాకర్ తన వంతుకి తెచ్చిన మొదటి సీసాని ఎత్తి, వెలుతురులో చూసి, "అడుగున మందంతా ఉండిపోయిందండీ" అని రెండు చేతులతో బాగా ఊపి మూత తీశాడు. ఏల్ గరాజు కప్పుకి కొట్టింది. వదిన తీగ మీద ఆరేసుకున్న చీర, ఆయన చొక్కా, బొరుగుల గిన్నె, అన్నీ తడిశాయి.

ఆ తిట్లు ఇక్కడ రాయను. ఆ నెలంతా తిట్టాడు. తిట్టి, ఒక కొత్త చట్టం చేశాడు. ఇకమీదట ఎవరు కొన్న సీసా అయినా వారం ముందే తెచ్చి ఆయన గరాజులో నిలబెట్టాలి. కారులో కుదుపులు తిన్న సీసాని ఆ రోజే తెరవకూడదు. "నిద్రపోనీ దాన్ని" అనేవాడు. మాకు లోపల లోపల సంతోషమే. మా ఇద్దరి ఇళ్ళలోనూ సీసా కనపడితే కురుక్షేత్రం. తెచ్చిన సీసాలన్నీ ఆయనింట్లో ఉంటాయి, ఖాళీ అయ్యాక కూడా అక్కడే ఉంటాయి. ఒంటి మీద మరక పడకుండా పెళ్ళిభోజనం తిన్నట్టు.

వెల్లింగ్టన్‌లో అప్పట్లో ఖాళీ గాజు సీసాలు, డబ్బాలు వేయడానికి మూతలేని ఆకుపచ్చ క్రేటు ఇచ్చేవాళ్ళు. వారానికోసారి ఇంటి ముందు రోడ్డు వార పెట్టాలి. ఆయన క్రేటు ముదురు రంగు సీసాలతో నిండి ఉండేది. ఆ వీధిలోనే మా సంఘంవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. పొద్దున్నే బస్సుకి నడిచి వెళుతూ ఆ క్రేటు పక్కనుంచే వెళ్ళేవాళ్ళు.

దానికి తోడు, శనివారం సాయంత్రం మమ్మల్ని ఇళ్ళకి దింపేది కూడా ఆయనే. మా ఇద్దరికీ స్టీరింగు ముట్టుకునే స్థితి ఉండేది కాదు. ఆయన పాత వ్యానులో, కొండ మలుపుల్లో, ముందు బండివాడి తప్పులు చెప్పుకుంటూ, నడకంత వేగంతో తీసుకెళ్ళేవాడు. మా గుమ్మం దాకా నడిపించి, మా ఆవిడకి అప్పగించి, "అమ్మా, ఈయప్పకు మజ్జిగ తాపించు. ఊరికే కాదు, ఇంత అల్లం వేసి" అని ఉపన్యాసం ఇచ్చి వెళ్ళేవాడు. మా ఆవిడ ఏమీ అనేది కాదు. బయట మాత్రం మాట పాకిపోయింది. ఆయనే కుర్రవాళ్ళని పిలిచి తాగబోస్తున్నాడట. ఇంటి నిండా సీసాలట. ఆ మాట నా చెవినా పడింది. నేను ఔననలేదు, కాదనలేదు.

ఆ మాట ఆయనకి ఎక్కడ తగులుతుందో చెప్పాలి. అప్పట్లో మా ఊళ్ళో తెలుగు పురోహితుడు లేడు. వినాయకచవితికి కమ్యూనిటీ హాలు అద్దెకి తీసుకుని సంఘం పూజ చేసేది. వ్రతకథ చదివేది ఆయన. ఏ ఏడాదీ మానలేదు. గొంతు గొప్పగా ఉండేది కాదు, కానీ తల్లో తండ్రో పిల్లలకి చెప్పినట్టు చెప్పేవాడు. మధ్యలో ఆపి, వెనక వరసలో పరుగెడుతున్న పిల్లల్ని పేరు పెట్టి పిలిచి, "ఇప్పుడేమైంది కథలో? చెప్పు చూద్దాం" అని అడిగేవాడు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పేవాళ్ళు. ఆయన ఒప్పుకునేవాడు, కానీ తప్పు చెబితే కథ ముందుకి కదలదు. నైవేద్యం చల్లారిపోయేది. ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆయనకి మాత్రం ఏడాది మొత్తంలో అదే పండగ. జూన్ నుంచే పుస్తకం తీసి సాధన చేసేవాడని వదిన చెప్పింది.

ఒక ఏడాది, చవితికి కొన్ని వారాల ముందు, ఆదివారం పొద్దున సంఘం సమావేశం జరిగింది. మా ఆవిడతో సహా అందరూ వచ్చారు. పందిరి సంగతీ, ప్రసాదాల సంగతీ తేలాక అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"ఒక చిన్న విషయం. ఎవర్నీ నొప్పించాలని కాదు. కథ చదివేవారి గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారండీ."

"ఏమనుకుంటుండారు?" అన్నాడాయన మొదటి వరసలోంచి.

"మీ ఇంటి ముందు క్రేటు చూసినవాళ్ళు ఉన్నారు. అన్ని బీరు సీసాలు..."

"బీరు కాదు" అన్నాడాయన.

నా పని అయిపోయింది. చెప్పేస్తున్నాడు, సీసాలు ఎవరివో చెప్పేస్తున్నాడు అనుకున్నాను.

"ఏల్" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. బీరుకీ ఏల్‌కీ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. పులియబెట్టేటప్పుడు మడ్డి పైకి తేలుతుందా, కిందికి దిగుతుందా అనేదాకా వెళ్ళాడు. తన మీద పడిన నింద సంగతి వదిలేసి, నిందలో వాడిన మాట తప్పని పట్టుకున్నాడు. లేచి ఆయన నోరు మూయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇంత వయసు వచ్చి, ఇంత చదివి, ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదా మనిషికి?

అధ్యక్షులవారు ఓపిగ్గా విని, "ఏదైనా గానీండి, తాగడం తాగడమే కదా. మీరొక్కరేనా, లేక ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు.

అప్పుడాయన వెనక్కి తిరిగి మా ఇద్దరి వంక చూశాడు. ఆ చూపు మాకు తెలుసు. గ్లాసు బల్ల మీద పెట్టి, చిన్నవాళ్ళు చెప్పేదాకా కదలకుండా చూసే చూపు. అందులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. పద్ధతి ప్రకారం ముందు మేం చెప్పాలి, తర్వాత ఆయన చెబుతాడు. అంతే. సుధాకర్ టీ కప్పులోకి చూశాడు. నేను పక్క కుర్చీలో ఉన్న మా ఆవిడ చేతి గాజుల్ని చూశాను. గరాజులో ఆ చూపుకి ఎప్పుడూ ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆ రోజు నోరు పెగల్లేదు.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ముందుకి తిరిగి, "నా గరాజులో ఉండేవి నావే" అన్నాడు. కోపం లేదు. విసుగు ఉంది, మేం మరీ చప్పగా జవాబు చెప్పినప్పుడు ఉండే విసుగు.

"అయితే ఈ ఏడాదికి ఇంకెవరైనా చదువుతారు" అన్నారు అధ్యక్షులవారు. తెలుగు తడబడకుండా చదవగలిగినవాళ్ళెవరని వెతికి, నా పేరు చెప్పారు. నేను ఒప్పుకున్నాను. ఇది మళ్ళీ చదవండి, నేను రాయడంలో తప్పు చేయలేదు. ఆ సీసాలు తాగిన నేను, కథ చదవడానికి ఒప్పుకున్నాను.

చవితి రోజు వాన. ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. పట్టుపంచె కట్టుకుని, నాకు ఎదురుగా మొదటి వరసలో కింద కూర్చున్నాడు. గుప్పిట్లో అక్షతలు పట్టుకున్నాడు. నేను మొదలుపెట్టిన రెండో వాక్యానికే, "గట్టిగా" అన్నాడు. ఐదో వాక్యానికి, "ఆడ ఆగాల" అన్నాడు. వెనక నుంచి ఎవరో ఉష్షుమన్నారు. నా చెవులు ఎర్రబడ్డాయి. త్వరగా ముగిద్దామని వేగం పెంచాను. చవితి చంద్రుణ్ణి చూసినందుకు కృష్ణుడి మీద మణి దొంగిలించాడన్న నీలాపనింద పడే ఘట్టం వచ్చింది. తెలుగిళ్ళలో అందరికీ తెలిసిన కథే. చెయ్యని తప్పు మన మీద పడకుండా ఉండాలనే ఆ అక్షతలు పట్టుకుని వింటాం. పరుగున చదువుకుపోతున్నాను.

"నిలుపు" అన్నాడాయన.

నిలిపాను.

"అంత తొందరేమబ్బీ? ఇప్పుడే గదా ఆయప్ప మీద నింద పడింది. పిల్లోళ్ళకు అర్థం కావాల గదా. నిదానంగా చదువు."

నన్ను ఎత్తిపొడిచాడా? ఎన్నో రాత్రులు దీని గురించి ఆలోచించాను. లేదు. ఆయనకి ఎత్తిపొడవడం చేతకాదు. తిట్టాలంటే రబ్బరు గొట్టంలో నీళ్ళలా తిన్నగా ముఖాన కొట్టేవాడు. ఆయనకి ఆ క్షణంలో కావలసింది కథ సరిగ్గా చదవడం. అంతకు మించి ఏమీ లేదు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది. నేను తలవంచుకుని నిదానంగా చదివాను. పూజ అయ్యాక వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను, "చూశావా, పండగపూట కూడా ఎలా గొడవపెడుతున్నాడో. తాగే వచ్చి ఉంటాడు."

ఆ తర్వాత మేం గరాజుకి వెళ్ళలేదు. ఆయన ఫోను చేసేవాడు. "నాగలి బొమ్మది వచ్చింది. నిద్రబెట్టినా. శనివారం రాండి." ఏదో ఒక సాకు చెప్పేవాళ్ళం. కొన్నాళ్ళకి ఫోను ఆగిపోయింది. క్రేటు మాత్రం ఆగలేదు. ఆయన ఒక్కడే కూర్చుని రెండు గుక్కలు తాగి, మిగిలింది సింకులో పోసేవాడని వదిన తర్వాత చెప్పింది. వీధిలో వాళ్ళకి సింకు కనిపించదు, క్రేటే కనిపిస్తుంది. నేను ఏటా చవితికి కథ చదువుతూనే ఉన్నాను. ఆయన ఏటా వచ్చి తప్పులు దిద్దుతూనే ఉన్నాడు. తర్వాత ఒక చలికాలం, ఆఫీసుకి వెళ్ళే రైల్లో గుండె ఆగి పోయాడు.

ఇక సంతాప సభ. అధ్యక్షులవారి రెండు మాటలూ అయ్యాక నేను లేచాను. "ఆయన తాగేవాడు కాదు. రెండు గుక్కలు రుచి చూసేవాడు, అంతే. ఆ సీసాలు నావి" అన్నాను. సుధాకర్ కూడా లేచి, "నావీనండీ" అన్నాడు. అధ్యక్షులవారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "స్నేహితులంటే అలా ఉండాలండీ. పోయినవాళ్ళని వెనకేసుకురావాలి" అన్నారు. నలుగురు కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కరూ నమ్మలేదు.

వదిన నా వంక చూసింది. మొదటిరోజు తువ్వాలు ఇచ్చినప్పటి ముఖమే. "ఇప్పుడెందుకబ్బీ ఇదంతా? ఆ పొద్దు చెప్పింటే చవితికి చదువుకునేవాడు గదా" అంది.

కారులో ఇంటికి వస్తుంటే మా ఆవిడ, "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆయన తాగడని. మన గుమ్మంలో నిలబడి అంతసేపు మజ్జిగ గురించి మాట్లాడేవాడు. వాసన ఎవరి దగ్గర వచ్చేదో నాకు తెలియదనుకున్నారా? తాగినవాడితో మిమ్మల్ని ఆ కొండ దారిలో రానిచ్చేదాన్నా?"

"మరి ఆ రోజు సమావేశంలో నువ్వైనా చెప్పలేదేం?"

"చెబితే తాగేది మీరని చెప్పినట్టే కదా. మీరే చెబుతారేమోనని చూశాను." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "చెప్పకపోతే హమ్మయ్య అనుకున్నాను కూడా."

చవితి దగ్గరపడుతుండగా అధ్యక్షులవారు ఫోను చేశారు. కథ సంగతి. నేను చదవనన్నాను. సభలో అన్నది స్నేహం కొద్దీ అన్న మాట కాదనీ, నిజంగానే ఏళ్ళ తరబడి తాగింది నేనేననీ, ఆయన్ని తప్పించిన కారణమే లెక్కైతే ముందు నన్ను తప్పించాలనీ చెప్పాను. ఈసారి నమ్మారు. నమ్మినట్టు గొంతులోనే తెలిసింది. నవ్వారు.

"అయ్యో, దానికేముందండీ. ఈ రోజుల్లో తాగనివాళ్ళెవరు? అదంతా ఎవరు పట్టించుకుంటారు? మీరు పదింటికల్లా వచ్చెయ్యండి."

వెళ్ళాను. పుస్తకం మాత్రం ముట్టుకోలేదు. ఎవరో ఇండియా నుంచి తెచ్చిన సీడీ పెట్టారు. అందులో గొంతు ఎక్కడా తడబడలేదు. ఎవరూ ఆపమనలేదు. పిల్లలు వెనక పరుగెడుతూనే ఉన్నారు. కథ ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియలేదు. పులిహోర ఇంకా వేడిగానే ఉంది.